రెండో వైపు చివరి డెబ్బై రెండు సెకండ్లు

ఇది మొదలైంది ఈ ఫిబ్రవరి రెండో గురువారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు. టైము ఇంత కచ్చితంగా ఎందుకు చెప్పగలనంటే, బహ్రెయిన్‌లో, రిఫాలో ఉన్న మా అమ్మాయి వాళ్ల ఫ్లాటులో కాలింగ్ బెల్ మోగినప్పుడు నేను బీపీ చూసుకుని నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. పై అంకె రాశాను, కింది అంకె రాయకుండానే లేచి వెళ్లాను. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. తలుపు తీస్తే మా మనవరాలు షారన్, దాని వెనక ఎండకు కమిలిన ముఖంతో యాభై దాటిన ఒక తెల్లావిడ నిలబడి ఉన్నారు. "అమ్మమ్మా, ఈవిడ లిన్. అవాలీలో జూడీ జూడీ అంటుంటావే, ఆవిడ కూతురు. మన చర్చి ఫెలోషిప్ ఆన్‌లైన్ పేజీలో నీ పేరు పెట్టి అడుగుతుంటే నేను చూశాను," అంది షారన్. లిన్ చెప్పులు బయటే విడిచి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వాళ్లమ్మ నవ్వే నవ్వింది.

జూడీ పోయిన చలికాలంలో చనిపోయిందట. అంతకు ముందే వాళ్ల ఇంట్లోకి వరద నీళ్లొచ్చి, ఆమె దాచుకున్న క్యాసెట్లన్నీ బురదైపోయాయట. లిన్‌కి కావలసింది ఒకే ఒక్క పాట. జూడీ తమ్ముడు కుర్రతనంలో నలుగురు స్నేహితులతో కలిసి ఒక బృందం కట్టి పాడిన పాట అది. వాళ్ల ఊరి రేడియోలో ఒక వేసవంతా మోగింది, తర్వాత ఎవరికీ పట్టలేదు. రికార్డు వేసిన కంపెనీ మూతపడింది, అసలు టేపు ఏమైందో తెలియదు. ఆ మామయ్య ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు, అతనికి వినిపించాలి. "అమ్మ అంటుండేది, నా పాటలన్నీ రత్నా దగ్గర ఉన్నాయి, నిమిషాలూ సెకండ్లతో సహా రాసిపెట్టి ఉన్నాయి అని. ఇంకా ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ పాట ఏ క్యాసెట్టులో ఉందో కూడా వెంటనే చెప్పాను. పన్నెండో నంబరు, రెండో వైపు, ఏడో పాట. నిజానికి పన్నెండో నంబరు పాటల క్యాసెట్టు కాదు. అది మా తమ్ముడు ప్రభుదాసు పంపిన ఆఖరి మాటల క్యాసెట్టు. నీలం బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూతకు ప్లాస్టరు చుట్టేశాక నేను దాన్ని మళ్లీ తెరవలేదు.

అప్పట్లో మేం మనామాలో ఒకటిన్నర గది ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపరు. నేను అవాలీలో ఆయిలు కంపెనీ వాళ్ల ఊళ్లో టైపిస్టుని. ఉదయం ఐదు పదికి బస్సు. ఊరు దాటాక ఎడారి చీకట్లో ఆయిలు బావుల గ్యాసు గొట్టం కొసన మంట ఒకటి ఆరకుండా ఎగురుతూ కనిపించేది. బస్సు ఎంత దూరం పోయినా అది మాతో పాటే వస్తున్నట్టు ఉండేది. గాలి తిరిగిన రోజున కుళ్లిన గుడ్ల వాసన కిటికీలు మూసినా లోపలికి వచ్చేది. మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌లో పెద్దాయన ఒకరు ఆ వాసన తగిలినప్పుడల్లా "ఎవరో పాతాళం తలుపు తీసి వేయడం మరిచిపోయారమ్మా" అనేవారు. మేం నవ్వేవాళ్లం. తీరా అవాలీ చేరితే పచ్చగడ్డి, పూల కంచెలు, గొట్టాలతో నీళ్లు, ఈతకొలను. అక్కడి క్లబ్బులో లైబ్రరీ చూసేది జూడీ. ఆయిలు బావులు తవ్వే ఒక డ్రిల్లరు భార్య. భోజనం బ్రేకులో నేను వెళ్లి ఆమెకు కార్డులు టైపు చేసిపెట్టేదాన్ని.

ఆ స్నేహమంతా పాటల మీద నడిచింది. జూడీ చెల్లెలు ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ప్రతి ఆదివారం రేడియో ముందు కూర్చుని ఆ వారం పాటలన్నీ రికార్డు చేసి పోస్టులో పంపేది. ప్రపంచమంతా పాడుకునే వాళ్ల దేశపు పెద్ద బృందాలు జూడీకి అక్కర్లేదు. "అవి ఇక్కడి రేడియోలోనూ వస్తాయి రత్నా. మా వాళ్లు మూడు వారాలు పిచ్చిగా పాడి నాలుగో వారం మర్చిపోయినవి నాకు కావాలి," అనేది. నాకు ఇంగ్లీషు పాటలంటే చర్చి కీర్తనలే తెలుసు. ఇవి వేరే. డ్రమ్ము కొడితే ఖాళీ గోడౌన్‌లో ఇనుప తలుపు పడ్డట్టు ఉండేది. గిటార్లు రేకుల షెడ్డులో వాయించినట్టు గరగరలాడేవి. మూసేసిన మిల్లు, వాన రాని గోధుమ చేలు, ఊరి బయట పెట్రోలు బంకులో ఎవరి కోసమో కూర్చున్న అమ్మాయి, మైళ్ల కొద్దీ మలుపు లేని రోడ్డు, వీటి మీద పాటలు. ఆ ఎండ నాకు తెలిసిన ఎండే. ఎడారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని అవి తలుచుకుంటే మా కోసమే రాసినట్టు ఉండేవి. ఇంత మంచి పాటను ఒక ఊరు నెల తిరక్కుండా ఎలా మర్చిపోతుందా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. మర్చిపోవడం ఎంత సులువో అప్పటికి తెలియదు.

జూడీ క్యాసెట్లు అరువు తెచ్చి మా రెండు గూళ్ల టూ ఇన్ వన్ టేపు రికార్డరులో కాపీ తీసేదాన్ని. ఒక పాట మధ్యలో తెగిపోవడం నాకు సహించదు. అందుకని ముందు ప్రతి పాటనూ చేతి గడియారం పెట్టుకుని కొలిచేదాన్ని. అరవై నిమిషాలని రాసి ఉన్న క్యాసెట్టు నిజానికి అరవై కాదు. మేం వాడే రకం ఒక్కో వైపు ముప్ఫై నిమిషాల ఇరవై రెండు సెకండ్లు తిరిగేది. అది కూడా కొలిచిందే. ఏ పాట పక్కన ఏది పెడితే వైపు నిండుతుందో కూడి, తీసి, సరిపెట్టేదాన్ని. చివర ఒక నిమిషమో ఒకటిన్నర నిమిషమో మిగిలేది. ఆఖరి పాట అయిపోగానే స్టాపు నొక్కేదాన్ని. ఖాళీలో వినడానికి ఏముంటుంది?

ఆ రోజుల్లోనే తమ్ముడు దాసు మా ఇంటికొచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, వెల్డింగు పని, తెనాలి దగ్గర మా ఊరి యాస చెక్కుచెదరకుండా ఉండేది. పని దొరికే దాకా నాలుగు నెలలు మా అర గదిలో పడుకున్నాడు. టీ సాసరులో పోసుకుని చప్పుడు చేస్తూ తాగేవాడు. జూడీ పాటల్లో ఆ తమ్ముడి బృందం పాట ఒకటి వాడికి పట్టుకుంది. అందులో పల్లవి అంతా 'నో' అనే మాటే. కాకపోతే వాళ్లు దాన్ని మనలా పొట్టిగా అనరు, చివర సాగదీసి వంకర తిప్పుతారు. దాసుకి అది 'నోయ్' అని వినిపించింది.

"అక్కా, వీళ్లు వద్దు అనడానిక్కూడా మనిషిని పిలిచినట్టు పిలుస్తన్నారేందే? నోయ్! ఓ నోయ్! ఎవురీ నోయ్?" అన్నాడు.

"నో అంటే వద్దనిరా."

"తెలుసులేవే. ఇంత ముద్దుగా వద్దంటే ఎవుడు మాట ఇంటాడు? ఇరవై నాలుగుసార్లు అన్నాడు, లెక్కపెట్టా. నీకేనా లెక్కలొచ్చేది?"

అప్పట్నించీ మా ఇంట్లో వద్దు అనే మాట పోయింది. ఇంకో గరిటె అన్నం వడ్డించబోతే "నోయ్". బజారుకు వెళ్లమంటే "నోయ్". మా ఆయన కూడా, నవ్వడం చేతకాని మనిషి, ఒకసారి ఫోనులో వాళ్ల మేనేజరుతో "నోయ్" అని నాలుక కరుచుకున్నారు.

ఇంకో సంగతి చెప్పాలి, మా నాన్నగారి గురించి. ఆయన మిషన్ హాస్టల్లో గుమాస్తా. బియ్యానికీ కట్టెలకీ పోస్టుకార్డులు రాసేవారు. ప్రతి కార్డు కిందా ఒకటే వాక్యం ఉండేది: ఫలానా తేదీ లోగా జవాబు రానిచో సమ్మతమని ఎంచగలవాడను. ఇంట్లోనూ అదే పద్ధతి. పండక్కి ఫలానా గుడ్డ తీస్తున్నాను అని గోడ మీద చీటీ అంటించేవారు. మేం ఎవరం మాట్లాడకపోతే అదే ఖాయం. గల్ఫు వచ్చాక నాకూ దాసుకీ ఈ రూలు బాగా పనికొచ్చింది. దాసుకి చివరికి సముద్రం అవతల, సౌదీలో దమ్మాం దగ్గర ఒక క్యాంపులో పని దొరికింది. అక్కడికీ బహ్రెయిన్‌కీ మధ్య వంతెన ఇంకా కడుతూనే ఉన్నారు. ఉత్తరం చేరడానికి ఆరు రోజులు. ఫోను దొరకదు. అందుకని నాన్న రూలే. జవాబు రాకపోతే సరే అన్నట్టు.

దాసుకి రాయడం బద్ధకం. మాటలు క్యాసెట్టులో నింపి, ఇటు వచ్చే మనిషి ఎవరైనా ఉంటే చేతికిచ్చి పంపేవాడు. అప్పట్లో అందరూ అంతే. శుక్రవారం ఆరాధన అయ్యాక హాల్లోనే ఎవరి క్యాసెట్టు వస్తే అది అందరి మధ్యా వేసేవాళ్లు. ఒకరి కబురు అందరిదీ. వినడం అయ్యాక పెద్దలు దాని మీద ప్రార్థన కూడా చేసేవారు. అందువల్ల గుట్టు మాట ఎవరూ టేపులో చెప్పేవాళ్లు కాదు. దాసు మొదటి వైపు పది నిమిషాలు వాగి ఆపేసేవాడు. రెండో వైపు ఖాళీ. మొదటి మూడు క్యాసెట్లకీ రెండో వైపు చివరిదాకా విని చూశాను. మూడూ ఖాళీయే. నాలుగోదాని నుంచి చూడడం మానేశాను. సరిచూడకుండా నమ్మడం నా జీవితంలో అదొక్కసారే.

పన్నెండో క్యాసెట్టు వచ్చింది ఎనభై నాలుగు నవంబరు పదహారు, శుక్రవారం. హాల్లో వేశాం. దాసు ఎప్పట్లాగే కీర్తనలు పాడే బావ గొంతు ఇప్పటికైనా బాగుపడిందా అని, క్యాంపులో కూర నీళ్లలో ఈత కొట్టొచ్చని, అందర్నీ నవ్వించాడు. చివర "సరే, మిగతాది అక్కకి" అని ఆపేశాడు. హాల్లో ఎవరో "అక్కకి పెళ్లికూతుర్ని వెతికే పని పెడతాడు కాబోలు" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాతి క్యాసెట్టులో చెబుతాడనుకున్నాను.

ఆ వారమే జూడీ వాళ్లు దేశం వదిలి వెళ్లిపోతున్నారు. సముద్రంలో ఓడల మీద బాంబులు పడుతున్నాయని, ఇరాన్-ఇరాక్ యుద్ధం కిందికి, మా వైపుకి జారుతోందని, కంపెనీ ఆడవాళ్లని పంపేస్తోందని అందరూ అనుకుంటున్నారు. మంగళవారం ఉదయానికి ఆమె క్యాసెట్లు తిరిగి ఇచ్చేయాలి. దాసుకి ఆ 'నోయ్' పాట పంపిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. సోమవారం మధ్యాహ్నం సెలవు పెట్టి కూర్చున్నాను. ఖాళీ క్యాసెట్టు లేదు. వాడి పన్నెండోదే తీసుకున్నాను. వాడి టేపు వెనక వైపే వాడికిష్టమైన పాటలు నింపి వాడికే పంపితే సరదాగా ఉంటుందనిపించింది. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న బిళ్లలు ఉంటాయి, ఒక్కో వైపుకి ఒకటి. బిళ్ల విరిచేస్తే ఆ వైపు మీద మళ్లీ రికార్డు కాదు. ముఖ్యమైనవి చెరిగిపోకుండా చేసే ఏర్పాటు అది. రెండో వైపు బిళ్ల విరిగి ఉంది. మనిషి చేతులు మారి వచ్చిన టేపు, దారిలో విరిగిందనుకున్నాను. బొక్క మీద సెల్లోటేపు అంటించాను. గాలి బిగుసుకుని ఉంది ఆ రోజు, ఇసుక కిటికీ అద్దాల మీద సన్నగా గీరుతోంది. ఏడు పాటలు. అన్నీ కలిపి ఇరవై ఎనిమిది నిమిషాల నలభై సెకండ్లు. మొదట ఆరు సెకండ్లు, పాటకీ పాటకీ మధ్య నాలుగేసి. మొత్తం ఇరవై తొమ్మిది నిమిషాల పది సెకండ్లు. చీటీ మీద రాశాను. స్టాపు నొక్కాను.

అటు వెళ్లే మనిషి డిసెంబరు తొమ్మిదిన గానీ లేడన్నారు. ఆగుదాంలే అనుకున్నాను. డిసెంబరు ఆరున దాసు, ఇంకో పది మంది, ఉత్తరాన దెబ్బతిన్న ఓడ ఒకదానికి అతుకులేసే పని మీద బార్జి అనే బల్లపరుపు పడవ ఎక్కారట. బార్జి తిరిగి రాలేదు. పదిహేనో తారీఖున ఎవరో క్యాంపు నుంచి వచ్చి మా గుమ్మంలో నిలబడి చెప్పారు. శవం దొరకలేదు. ఆ నెలంతా సముద్రపు ఒడ్డుకి తారు ముద్దలు కొట్టుకొచ్చాయి. నేను ఒడ్డుకి వెళ్లడం మానేశాను.

ఇన్నేళ్లూ నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువ. అమ్మ అడిగింది, బంధువులు అడిగారు, పాస్టరుగారు అడిగారు. అందరికీ ఒకటే చెప్పాను. "నాకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే వెళ్లనిచ్చేదాన్నా?" అమ్మ ఆ మాట పట్టుకునే కన్నుమూసింది, మొండివాడు, అక్కకి కూడా చెప్పలేదని.

శనివారం ఉదయం పదకొండు గంటలకి లిన్ మళ్లీ వచ్చింది. షారన్ అద్లియాలో పాత సామాన్ల షాపులో క్యాసెట్ ప్లేయరు ఒకటి పట్టుకొచ్చి, తన లాప్‌టాప్‌కి వైరు కలిపింది. డబ్బా తెరిస్తే పుల్లటి మందు వాసన వచ్చింది. "టేపు పొడి రాలుతోందమ్మమ్మా. ఒక్కసారే ఆడుతుందేమో. మొదట్నించీ చివరిదాకా రికార్డు చేసేద్దాం," అంది. సెల్లోటేపు పసుపు పచ్చగా మారి, తాకగానే ఊడి వచ్చింది. కింద బొక్క కనిపించింది. విరిచిన అంచు తిన్నగా ఉంది. గోరుతోనో స్క్రూడ్రైవరుతోనో కావాలని విరిచినట్టు. నేను దాన్ని చూశాను. అప్పటికీ అర్థం కాలేదు.

పాటలు వచ్చాయి. పెట్రోలు బంకు అమ్మాయి, వాన రాని చేలు, మూసేసిన మిల్లు. గిటార్లు నీళ్లలోంచి వాయిస్తున్నట్టు ఊగుతున్నాయి గానీ పాటలు పాటల్లాగే ఉన్నాయి. ఏడోది మొదలవగానే లిన్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అదే. మా మామయ్యే," అంది. నేను గడియారం చూస్తున్నాను, అలవాటు. పాట ఆగింది. సరిగ్గా ఇరవై తొమ్మిది పది. నా చెయ్యి స్టాపు మీదికి వెళ్లింది.

"ఉండు అమ్మమ్మా, టేపు ఇంకా తిరుగుతోంది," అంది షారన్.

టక్కుమని చప్పుడైంది. తర్వాత ఒక వాక్యం మధ్యలోంచి మా తమ్ముడు మాట్లాడాడు.

"...అని అందరూ ఎనక్కి తగ్గారక్కా. పోయిన నెల ఎల్లినోళ్లలో ఇద్దరు రాలేదు, ఆ సంగతి ఎవురూ చెప్పట్లా. ఎల్లొస్తే బహ్రెయిన్‌కి మారుస్తానని ఫోర్‌మన్ అంటన్నాడు. మీకాడికి వచ్చేయొచ్చు. నాకైతే భయంగానే ఉందే. హాల్లో చెప్తే అమ్మదాకా పోద్ది, అందుకే ఈ పక్క నింపుతున్నా. బిళ్ల కూడా ఇరగ్గొట్టా, ఎవురూ చెరపకుండా. టేపు అయిపోవచ్చింది... ఐదో తారీఖు లోపు చెప్పు. నువ్వొద్దంటే ఆగిపోతా. పెద్ద ఉత్తరం రాయమాక, నోయ్ అని ఒక్క ముక్క రాసి పంపు, చాలు. రాకపోతే నాన్న రూలే. సరే అన్నట్టే అనుకుంటా..."

టేపు కొస తగిలి ప్లేయరు ఆగింది.

లిన్ ముఖం వెలిగిపోయింది. "నో అన్నాడు! మేం అనేట్టే అన్నాడు! ఎవరతను?" అని పకపకా నవ్వింది. షారన్ నా వైపు చూసింది. దానికి తెలుగు బాగా వచ్చు. నేనే నేర్పాను.

"మా తమ్ముడు. ఆ పాట బాగుందంటున్నాడు," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదని పైన రాశాను. అది కొట్టివేయవచ్చు.

ఏడు పాటలూ లిన్‌కి ఇచ్చి పంపాం. మంగళవారం ఆమె నుంచి మెసేజీ వచ్చింది. ఆస్పత్రిలో మామయ్య కళ్లు మూసుకునే విన్నాడట, పల్లవి దగ్గర పెదాలు కదిపాడట. నేను చదివిన నిమిషంలోనే జవాబు పంపాను. ఇప్పుడు ఎవరు ఏది పంపినా అలాగే చేస్తున్నాను. ఫర్నిచర్ షాపు ప్రకటనకి కూడా వద్దని రాశాను.  షారన్ ఫోనులో ఎవరు చూశారో ఎవరు చూడలేదో నీలం గీతల్లో తెలుస్తుంది. వందల మెసేజీలు జవాబు లేకుండా పడి ఉంటాయి, దాని వల్ల ఎవరూ ఎక్కడికీ వెళ్లిపోరు. ఈ రోజుల్లో మౌనానికి అర్థం లేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉండేది. టేపు రెండోసారి వేయబోతే ప్లేయరులో చుట్టుకుని తెగింది. లాప్‌టాప్‌లో ఉన్న డెబ్బై రెండు సెకండ్లే మిగిలాయి. రాత్రీ పగలూ చెవిలో అవే తిరుగుతున్నా, మళ్లీ వినలేదు.

పోయినవి రాసిపెడుతున్నాను. రెండో వైపున దాసు గొంతు, ఇరవై తొమ్మిది నిమిషాల పది సెకండ్లు. క్యాసెట్టు నా చేతికొచ్చాక వాడు పెట్టిన గడువుకి మిగిలిన రోజులు, పంతొమ్మిది. వాడి మీద నేను కోపంగా గడిపిన ఏళ్లు, నలభై ఒకటి. మా అమ్మ చివరిదాకా నమ్మిన మాట, ఒకటి. ప్రభుదాసు, ఇరవై నాలుగేళ్లు. నేను రాసి పంపవలసినవి, రెండు అక్షరాలు.